మామిడి అంటు వాడిపోకుండా

టెంక మొక్కకి (టెంక నాటితే మొలిచిన మామిడి మొక్కకి) బంగినపల్లి కొమ్మని అంటు కడితే, కట్టు బిగువుగానే ఉన్నా కొమ్మ వారం తిరక్కుండా వాడిపోతుంటుంది. కోయబోయే కొమ్మకి 10 రోజుల ముందే చెట్టు మీదే ఆకులు కత్తిరించేయండి, తొడిమలు మాత్రం ఉంచాలి. అవి ముట్టుకుంటే రాలే వేళకి కొస మొగ్గ ఉబ్బి ఉంటుంది. పెన్సిల్ లావు కొమ్మని 5 అంగుళాలు కోసి, అడుగున ఒకటిన్నర అంగుళం మేర రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, టెంక మొక్క లేత కాండాన్ని నిలువునా చీల్చి అందులో దింపి, పాలిథిన్ రిబ్బన్‌తో బిగించండి. లావు సరిపోకపోతే ఒక పక్కనైనా బెరడుకి బెరడు కలవాలి, అసలు కిటుకు అదే. పైన కడిగిన ప్యాకెట్ ఐస్ కవర్ తొడిగి కట్టు కింద ముడేస్తే సరి, అంటు మీద తొడిగే టోపీలు వేరే కొనక్కర్లేదు. మొక్కని నీడలో పెట్టి, చిగురు కనబడగానే సాయంత్రం పూట కవర్ తీసేయండి. ఇదంతా జూన్–ఆగస్టు తేమలోనే, వడగాలుల్లో కడితే ఎన్ని కవర్లు తొడిగినా నిలవదు.