విజయనగరం సిరిమాను పండగకి చుట్టాలు దిగేలోపు, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకి

పోయిన శుక్రవారం మా వెనక వీధిలో ఒక పిల్లి చచ్చిపోయింది. మగది. మూడేళ్లు కూడా నిండలేదు, గడప దాటి ఎరగదు. మంగళవారం దివాన్ మీద ఉచ్చ పోసింది. బుధవారం చెప్పుల స్టాండు దగ్గర పోసింది. ఆ ఇంటి పెద్దాయన "దీనికి పొగరెక్కింది" అని చీపురుతో ఒకటి తగిలించి వరండాలో కట్టేశారు. గురువారం రాత్రంతా అరిస్తే జతకోసం అనుకున్నారట. శుక్రవారం పొద్దున్న నాకు కబురొచ్చింది. "ఏటైనాదో ఓసారి చూడమ్మా, లేవట్లేదు" అని. పొట్ట కింద చెయ్యి పెడితే బత్తాయికాయంత గట్టిగా తగిలింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది. ఆటో వచ్చేలోపే పోయింది.

వాళ్లని అనడానికి నాకు నోరు లేదు. తొమ్మిదేళ్ల కిందట నేనూ అదే చేశాను. కొత్త దుప్పటి పాడుచేసిందని మా నల్లోడిని బాత్రూంలో పెట్టి గడియ వేశాను. వాడి అదృష్టం బాగుండి, మా చెల్లి ఫోన్లో "అక్కా, అసలు ఉచ్చ వస్తోందా లేదా చూడు" అంది. విశాఖ తీసుకెళ్లి మూడు రోజులు సెలైన్ మీద ఉంచితే బతికాడు.

అందుకే ఈసారి పండగలకి ముందే చెబుతున్నాను. టబ్బు (పిల్లి పోసుకోడానికి ఇసక వేసి పెట్టే తొట్టి) బయట పోసిన పిల్లి దగ్గర ఎక్కడ పోసిందని కాదు, ఎంత పోసిందని చూడండి. దుప్పటి సంగతి తర్వాత.

మగపిల్లికి మూత్రనాళం సన్నం. మూత్రసంచి వాచినా, అందులో సన్నటి రాళ్లపొడి, జిగురు తయారైనా ఆ నాళంలో అడ్డం పడతాయి. అది పోద్దామని కూర్చుంటుంది, రాదు. టబ్బులో కూర్చుంటే నొప్పి పుట్టింది కాబట్టి టబ్బుదే తప్పనుకుని సోఫా మీద, బట్టల గుట్ట మీద, నేల మీద ప్రయత్నం చేస్తుంది. మనకి కనిపించేది సోఫా మీద నాలుగు చుక్కలు. మనం అనుకునేది పొగరు. పూర్తిగా మూసుకుపోతే ఒక రోజులోనే ప్రాణం మీదికి వస్తుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజులకి చచ్చిపోతుంది. ఆడపిల్లుల్లో నాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఇలా మూసుకుపోవడం అరుదు. మంట, నెత్తురు మాత్రం వాటికీ వస్తాయి.

పండగలకీ దీనికీ ఏమిటి సంబంధం అంటారేమో. ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే పిల్లికి మూత్రసంచి వాస్తుంది, టెన్షన్ పడితే ఇంకా ఎక్కువ. ఇల్లు దాటనివి, బరువెక్కినవి, పొడి గింజలు తప్ప వేరే తిననివి దీనికి ముందు వరసలో ఉంటాయి. ఇక మన ఊరి లెక్క చూసుకోండి. విజయదశమి వెళ్లాక మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ముందురోజు తొలేళ్లకే ఇల్లు నిండిపోతుంది. ఆ వెంటనే దీపావళి టపాకాయలు. మధ్యలో తుపాను వస్తే అదొకటి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి, మర్చిపోలేదు కదా. పిల్లికి ఏడాది మొత్తంలో చెడ్డకాలం ఇదే.

ఎంత పోసిందో తెలుసుకోవడం కష్టమేం కాదు. మామూలు పిల్లి రోజుకి రెండు నుంచి నాలుగు సార్లు పోస్తుంది. ఇసక అయితే గుప్పెడంత తడి ముద్ద, షాపులో అమ్మే, తడి తగిలితే గడ్డకట్టే లిట్టర్ అయితే పెద్ద నిమ్మకాయకి తక్కువ కాని గడ్డ కనిపించాలి. అనుమానం వస్తే చిన్న గదిలో పెట్టి, టబ్బులో ఇసక తీసేసి పాత పేపరు పరవండి. గంటా రెండు గంటల్లో తెలిసిపోతుంది. పదేపదే కూర్చోవడం, ముక్కడం, కింద అదేపనిగా నాకడం, పేపరు మీద చుక్కలు లేదా గులాబీరంగు మరక. ఇవి చూస్తే ఆగొద్దు. ఏమీ రాకుండా ముక్కుతుంటే చాలామంది మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు. కాదు. వాంతి కూడా చేసుకుందంటే రక్తం పాడవడం మొదలైందని అర్థం, అర్ధరాత్రి అయినా బయలుదేరాల్సిందే.

"పొద్దున్న చూద్దాంలే." ఈ మాటే పిల్లుల్ని చంపుతోంది.

ఇంకొకటి, ఇది మన వైపు ప్రత్యేకం. ఉచ్చ మంట అనగానే మనం బార్లీ నీళ్లు, కొబ్బరిబొండం వైపు పరిగెడతాం. ఉద్దానం బొండాలుండగా మందులెందుకు అనే బంధువులు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. మనిషికి ఏమో గానీ, మూసుకుపోయిన పిల్లికి సిరంజితో నీళ్లు పట్టిస్తే ఎటు పోతాయి? సంచి ఇంకా ఉబ్బుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. రక్తంలో ఏది పెరిగి గుండె ఆగుతోందో దాన్నే పోస్తున్నట్టు. పొట్ట నొక్కి పోయించాలని కూడా చూడకండి, సంచి పగులుతుంది.

డాక్టరు సంగతి పండగకి ముందే చూసుకోండి. మన జిల్లాల్లో పశువుల ఆసుపత్రులకి ఎక్కువగా వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలు. మంచి డాక్టర్లే, కానీ మగపిల్లికి కేథెటర్ (మూత్రనాళంలోకి ఎక్కించే సన్నటి గొట్టం) వేసే సరంజామా ప్రతిచోటా ఉండకపోవచ్చు. ఇప్పుడే ఫోన్ చేసి "మగపిల్లికి ఉచ్చ బంధిస్తే కేథెటర్ వేస్తారా, రాత్రిపూట ఉంటారా" అని ఈ రెండు ముక్కలూ అడగండి. లేదని అంటే ఎవరు వేస్తారో వాళ్లే చెబుతారు. ఇటు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 పైమాటే. అంబులెన్సు సాయానికి 1962 నంబరు ఉంది. సిరిమాను తిరిగే మంగళవారం మధ్యాహ్నంపూట, విజయనగరంలో మూడులాంతర్ల సెంటరు వైపు బండి కదలదు. ఆ రోజు పొద్దున్న అనుమానం వస్తే పొద్దున్నే వెళ్లిపోండి.

నాళం బాగుంది, గుప్పెడంత పోస్తోంది, కానీ టబ్బు బయట పోస్తోంది. అప్పుడు మన తప్పులు వెతుక్కోవాలి.

చుట్టాలున్న ఇంట్లో మొదటి తప్పు బాత్రూం తలుపు. చాలా ఇళ్లలో టబ్బు బాత్రూంలోనే ఉంటుంది. మామూలు రోజుల్లో తలుపు ఓరగా ఉంటుంది, పండగనాడు పదిమంది వాడతారు, వచ్చినవాళ్లు మర్యాదగా తలుపు మూసి వెళ్తారు. పిల్లి ఎంతసేపని ఆపుకుంటుంది? పోయినేడు మా తోటికోడలి బ్యాగులో పట్టుచీర మీద పోసింది. ఆమె ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతూనే ఉంటుంది. టబ్బుని పండగకి వారం ముందే, జనం తిరగని గది మూలకి మార్చండి. ఒక్కసారిగా కాదు, రోజుకి కాస్త జరుపుతూ. అన్నం గిన్నె పక్కన మాత్రం వద్దు. వాషింగ్ మెషీన్ పక్కన కూడా వద్దు, గిర్రున తిరగడం మొదలవగానే బెదిరిపోతుంది.

ఒక పిల్లికి రెండు టబ్బులు, రెండు పిల్లులకి మూడు. రెండింటినీ పక్కపక్కనే పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే. టబ్బు పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లుండాలి. షాపులో అమ్మేవి చాలామట్టుకు చిన్నవి, బట్టలు నానబెట్టే వెడల్పు టబ్బు నయం. ముసలి పిల్లికి ఒక వైపు అంచు కోసి తగ్గించండి, కీళ్లనొప్పులతో ఎక్కలేక పక్కనే పోసేవి ఉంటాయి. ముసలిది చుక్కలు కాకుండా చెరువులా పోస్తుంటే, నీళ్లు కూడా తెగ తాగుతుంటే, షుగరో కిడ్నీయో చూపించాలి.

మనలో చాలామంది వాడేది ఏటి ఇసకే. తప్పు లేదు, పిల్లికి ఇష్టం కూడా. రెండు మూడు అంగుళాల మందం ఉండాలి, పొడిగా ఉండాలి. ఎక్కడో ఇల్లు కడుతున్న దగ్గర గుట్ట నుంచి తెస్తే అందులో వీధి పిల్లుల వాసన ఉంటుంది. కడిగి ఎండబెట్టాకే వాడండి. తుపాను హెచ్చరిక వినగానే కొవ్వొత్తులు, బియ్యంతోపాటు రెండు డబ్బాల పొడి ఇసక ఇంట్లోకి చేర్చుకోండి. తడి ఇసకలో కాలు పెట్టని పిల్లి మీ పరుపులో పెడుతుంది. పండగ ముందు ఇసక మాన్పించి సెంటు లిట్టర్ తేకండి, ఆ వాసన మనకోసం చేసింది.

వాసన అంటే గుర్తొచ్చింది. ఫినాయిల్. చుట్టాలొస్తున్నారని ఇల్లంతా ఫినాయిల్ పెట్టి తుడుస్తాం. పిల్లి ఒంటికి ఆ జాతి రసాయనాలని విరగ్గొట్టుకునే శక్తి లేదు, తడిసిన పాదాలు నాకితే విషమే. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చతో కలిస్తే ఘాటు గాలి పుడుతుంది, మనకే ఊపిరాడదు. మరక మీద ముందు పాత గుడ్డ అద్ది తడి లాగేయండి. సర్ఫ్ నీళ్లతో కడిగి, మామూలు నీళ్లతో తుడిచి, ఆరాక సర్జికల్ స్పిరిట్ అద్దండి. ఎంజైమ్ క్లీనర్ దొరికితే అంతకన్నా మేలు. వాసన మన ముక్కుకి పోతే చాలదు, దాని ముక్కుకి పోవాలి. లేకపోతే మళ్లీ అక్కడికే వస్తుంది.

నిలబడి, తోక లేపి వణికిస్తూ గోడకో తలుపుకో చిమ్మితే అది వేరే లెక్క, ఇది నా చోటని గుర్తు పెట్టుకోవడం. ఎక్కువగా బీజం తీయించని మగపిల్లుల పని. ఆపరేషన్ చేయిస్తే 10లో 9 మానేస్తాయి. 5, 6 నెలల వయసులో చేయిస్తే చాలామట్టుకు అలవాటే పడవు. కిటికీ అవతల వీధి గండుపిల్లి కూర్చుంటే లోపలిది చిమ్ముతుంది. కిటికీ కింది సగానికి పేపరు అంటించండి, చాలు.

మిగతావి వరసగా చెప్పేస్తాను, వంటింట్లో అంటించుకోండి.

కొట్టొద్దు. ముక్కు పట్టుకుని మరకలో రుద్దొద్దు. రుద్దితే నేర్చుకునేది ఒకటే, మీరు చూడని చోట పోయడం. అప్పుడు ఎంత పోసిందో మీకెప్పటికీ తెలీదు.

రోజుకి రెండుసార్లు టబ్బు ఎత్తండి. పండగరోజు కూడా. ఎత్తిన ప్రతిసారీ ఎంత ఉందో చూడండి.

పండక్కొచ్చిన కూతురు కడుపుతో ఉంటే టబ్బు జోలికి పోనివ్వొద్దు.

నొప్పిగా ఉందని పారాసిటమాల్ ఇవ్వొద్దు. సగం కాదు, పావు కాదు. పిల్లి చచ్చిపోతుంది.

మూలల్లో కలరా ఉండలు వేయొద్దు. కారం చల్లొద్దు.

ఎండు నెత్తళ్లు, ఉప్పు చేపలు వద్దు. పచ్చి చేప ముక్క ఉప్పూ పసుపూ లేకుండా ఉడికించి, ఆ నీళ్లతో సహా పెట్టండి. బాగున్న పిల్లి ఒంట్లోకి నీళ్లు పోయే దారి అదే, గిన్నెలో నీళ్లు అది తాగేది తక్కువ.

దీపావళి సాయంత్రం ఆరింటికల్లా లోపలి గదిలో పెట్టేయండి. టబ్బు, నీళ్లు, దూరే అట్టపెట్టె దాంతోనే ఉండాలి. పిల్లలొచ్చి "పిల్లిని చూపించు అత్తా" అంటే రేపు చూపిస్తానని చెప్పండి. అలుగుతారు. అలగనివ్వండి.

ఒకసారి మూసుకుపోయి బాగైన మగపిల్లికి మళ్లీ రావచ్చు. ఈ నెలంతా దాని టబ్బు పనిమనిషికి వదలకండి, మీరే చూడండి. ఎక్కడ పోసిందని కాదు, ఎంత పోసిందని.

మోసుకెళ్లే బుట్ట అటక మీంచి ఇప్పుడే దించి, పాత తువ్వాలు పరిచి, తలుపు తెరిచి గదిలో పెట్టండి. ఆ రాత్రికి కొత్తగా కనిపిస్తే లోపలికి ఎక్కదు. బయలుదేరేటప్పుడు చుక్కలు పడిన పేపరు కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి. చివరిసారి గుప్పెడంత ఎప్పుడు పోసిందో డాక్టరు మొట్టమొదట అడిగేది అదే, దానికి జవాబు మీ దగ్గర ఉండాలి.