పబ్లిక్ హియరింగ్ వస్తోందంటే ఊళ్ళో చిన్న రైతులు ముందే చేసుకోవాల్సిన పనులు

పెద్ద ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఊరి జనం మాట వినడానికి పెట్టే సభే పబ్లిక్ హియరింగ్. సోంపేట, సంతబొమ్మాళి వైపు గానీ ఇటు భోగాపురం వైపు గానీ పెద్ద ప్రాజెక్టు ఏదో వస్తోందని వినగానే ఎవరికి వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టకండి, ముందు రామమందిరం దగ్గర అందరూ కూర్చోండి. అందరూ అంటే పట్టా ఉన్నోళ్ళే కాదు, కౌలోళ్ళు, కూలికెళ్ళే ఆడోళ్ళు, చేపలు పట్టేవాళ్ళు కూడా. సోంపేటలో థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు రైతులూ మత్స్యకారులూ ఒక్కటయ్యారు కాబట్టే బీల, అంటే నీళ్ళు నిలిచే చిత్తడి నేల, నిలబడింది.

తర్వాత లెక్క రాయండి. ఇది అస్సలు వదలొద్దు, ఎందుకంటే బీలనీ, అలాంటి పల్లపు నేలైన తంపరనీ కాగితాల్లో పనికిరాని భూమి అని రాసేస్తారు. మీరు సర్వే నంబరు వారీగా ఏ మడికి అక్కడి నీళ్ళు వస్తాయి, ఎన్ని పశువులు మేస్తాయి, చేపలెవరు పడతారు, చాపలకి జంబు గడ్డి ఎవరు కోస్తారు అన్నీ రాసి సంతకాలు పెట్టించండి. ఫొటోలు వానాకాలంలోనే తీసి పెట్టుకోండి, ఎండల్లో తీస్తే బీడులా కనపడి మీకే ఎదురు తిరుగుతాయి.

హియరింగ్‌కి కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు పర్యావరణ నివేదికకి తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జడ్పీలో, పంచాయతీలో ఉంచాలి, వెళ్ళి అడగండి. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు జవాబుకి కూడా 30 రోజులు పట్టొచ్చు కాబట్టి నోటీసు దాకా ఆగకుండా ముందే పెట్టేయండి, ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10.

ఆ రోజు కోపంతో ఇళ్ళల్లో ఉండిపోకండి, ఇంతమంది రావాలన్న రూలు లేదు కాబట్టి మీరు రాకపోయినా జరిపేస్తారు. మాట్లాడిందే కాకుండా రాసి కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేం మాట్లాడారో రాసుకున్నది, తెలుగులో చదివి వినిపించాలి, అది అయ్యేదాకా కదలొద్దు, మీ మాట అందులో లేకపోతే అక్కడే అడగండి.

2010 జులై 14న సోంపేటలో కాల్పులు జరిగి మనవాళ్ళు పోయారు, సరిగ్గా అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్ళు వినే అథారిటీ ఆ థర్మల్ ప్లాంటు పర్యావరణ అనుమతి కొట్టేసింది. జనం రోడ్డు మీద ఉన్నప్పుడే అక్కడ కేసు కూడా నడుస్తోందన్నమాట. ఇప్పుడైతే అలాంటి అప్పీలు చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌కి (పర్యావరణ కేసులు చూసే కోర్టులాంటిది) వెళ్ళాలి, గడువు 30 రోజులే, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ఇస్తారు, అందుకని లాయర్‌తో అనుమతి రాకముందే మాట్లాడి పెట్టుకోండి.