బంకరింగ్‌లో తగాదా రాకుండా, ఆయిల్ తగ్గకుండా

సింగపూర్‌లో తొలిసారి బంకరింగ్ (ఓడకి ఇంధనం నింపుకోవడం) డ్యూటీ పడిన జూనియర్లకు చీఫ్ ఇంజినీర్‌గా నేను ముందు చెప్పేది ఒకటే: ఆయిల్ తెచ్చే బార్జ్ రాకముందే మన ట్యాంకులన్నీ సౌండింగ్ తీసి (టేపుతో ఆయిల్ మట్టం కొలిచి) రాసిపెట్టండి.

అక్కడ ఫ్యూయల్ ఆయిల్‌కి 2017 జనవరి నుంచి మాస్ ఫ్లో మీటర్ (పారే ఆయిల్ బరువుని నేరుగా కొలిచేది) తప్పనిసరి. పంపింగ్ మొదలయ్యే ముందు మీటర్‌కి వేసిన సీళ్ల నంబర్లు వాటి జాబితా కాగితంతో సరిచూసి, మీటర్ రీడింగ్ బార్జ్ వాళ్లతో కలిసి రాసుకోండి. అయిపోయాక మళ్లీ అంతే.

మీటర్ లేని రేవుల్లోనే అసలు టెన్షన్. బార్జ్‌లో ప్రతి ట్యాంకూ పంపింగ్‌కి ముందూ తర్వాతా కొలవాలి, "అది ఖాళీ సార్" అన్నది కూడా. ఉష్ణోగ్రత మీ థర్మామీటర్‌తోనే చూడండి. 5 డిగ్రీలు తక్కువ రాస్తే, అదే కొలతకి బరువు ఎక్కువ లెక్కకొచ్చి, 1000 టన్నుల్లో మూడు టన్నులకు పైనే కాగితం మీద పెరిగిపోతాయి. సౌండింగ్ టేపు మీద నురగ కనిపించినా, హోస్ కుదుపులతో కొట్టుకున్నా కొలత ఎక్కువ చూపడానికి ఆయిల్‌లోకి గాలి ఎక్కిస్తున్నారేమోనని అనుమానించాలి. నురగ దిగాకే చివరి కొలత తీయండి.

శాంపిల్ మన మానిఫోల్డ్ (హోస్ మన ఓడ పైపులకు కలిసే చోటు) దగ్గర, పంపింగ్ సాగినంతసేపూ చుక్కచుక్కగా పట్టాలి. ముందే నింపి తెచ్చిన సీసాల లేబుళ్ల మీద సంతకం పెట్టకండి, ఎంత తొందరపెట్టినా సరే. మార్పోల్ (ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం) శాంపిల్‌ని కనీసం 12 నెలలు, ఆయిల్ అందినట్టు బార్జ్ ఇచ్చే డెలివరీ నోట్‌ని 3 ఏళ్లు దాచాలి.

లెక్కలో తేడా వస్తే వాదన వద్దు. బార్జ్ కదలకముందే లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్ (రాతపూర్వక అభ్యంతరం) ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే ఆ మాటే, టైంతో సహా, లాగ్‌బుక్‌లో రాసి వెంటనే కంపెనీకి మెయిల్ చేయండి.