రబీ విత్తనానికి ముందు ఊరి నీటి లెక్క

ప్రపంచంలో భూగర్భజలాన్ని అందరికంటే ఎక్కువ తోడుకునే దేశం మనది. దేశం తినే తిండిలో పెద్ద భాగం ఆ నీటితోనే పండుతోంది. ఇప్పుడు నెల వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తుంటే నేల తాగేది తగ్గి, వాగు పాలయ్యేది పెరుగుతోంది. రాయలసీమ, పాలమూరు, నల్లగొండ రాతినేలల్లో ఎవరి బోరు వాళ్లది అనుకుంటే కుదరదు. అందరూ తోడేది ఒకే రాతి పొరలోంచి.

అందుకే రబీకి ముందు ఎంత నీరుందో, ఎంత వాడొచ్చో ఊరంతా కలిసి లెక్క వేసుకోవాలి. ఆ లెక్కకు హద్దు పంచాయతీ కాదు, వాగు పరీవాహకం, అంటే ఏ నేల మీద పడ్డ వాన ఆ వాగులోకి చేరుతుందో అదంతా. వానమాపకాన్ని చెట్టుకో గోడకో దాని ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టి, రోజూ ఉదయం 8.30కు చూసి రాయండి. పరీవాహకంలో కనీసం పది బోర్లు ఎంచుకుని, పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలవండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మోటరు ఆపిన వెంటనే టేపు దించితే మట్టం బాగా లోతుకు కనిపిస్తుంది. కనీసం ఆరు గంటలు ఆపాలి, పక్క బోర్లు కూడా ఆగి ఉండాలి.

అక్టోబరులో లెక్కకు కూర్చోండి. ఎకరా మీద 1 మిల్లీమీటరు వానంటే 4,047 లీటర్లు. 1,000 ఎకరాల్లో 550 మిల్లీమీటర్లు పడితే సుమారు 222 కోట్ల లీటర్లు. గ్రానైట్ నేలలో ఇంకేది దాదాపు పదో వంతే, అంటే 22 కోట్లు. బోర్ల మట్టంతో దీన్ని సరిచూడండి: మట్టం వానలకు ముందుకంటే సగటున 4 మీటర్లు పైకొచ్చి, రాతిలో నీరు నిలిచే సందు 1.5 శాతం అనుకుంటే 24 కోట్లు. రెండింట్లో తక్కువదే తీసుకోండి. ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా పడలేదు కాబట్టి దాన్ని కలపకండి.

ముందు తాగునీరు తీసేయాలి. 2,000 మందికి తలా 55 లీటర్ల చొప్పున ఏడాదికి 4 కోట్లు, 500 పశువులకు తలా 50 లీటర్లతో 91 లక్షలు. మిగిలేది 17 కోట్లు. ఖరీఫ్‌లో బోర్లతో తడిపి ఉంటే అదీ తీసేయండి. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తే ఒక్కో బోరు ఎంత తోడిందో తెలిసిపోతుంది. 80 సెకన్లయితే ఆరు గంటలకు 54,000 లీటర్లు.

వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 48.6 లక్షల లీటర్లు. 17 కోట్లతో తడిసేది 35 ఎకరాలే. 500 మిల్లీమీటర్లు తాగే వేరుశనగ అయితే 84 ఎకరాలు. వరి మడిలోంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది గానీ, దాన్ని నమ్ముకుని ఎకరాలు పెంచకండి.

ఈ అంకెలు రచ్చబండ దగ్గర గోడ మీద రాయించండి. ఎవరు ఏం వేయాలో ఆదేశించవద్దు. ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పాటుతో ఇలాంటి నీటి లెక్క జరిగినప్పుడూ పంట నిర్ణయం రైతులదే. జనవరిలో నిజంగా వేసిన ఎకరాలు లెక్కపెట్టి, కోతల నాటి మట్టంతో పోల్చండి. అనుకున్నదానికంటే లోతుకు దిగితే వచ్చే ఏడు ఇంకే శాతాన్ని 10 నుంచి 8కి తగ్గించి లెక్క మొదలుపెట్టండి.