చాలాకాలం మూలనున్న ఎలక్ట్రానిక్ టైపు మిషను: సమస్యలు, పరిష్కారాలు

కోనసీమలోను, నరసాపురం తీరంలోను ఏళ్ల తరబడి మూత వేసి ఉంచిన ఎలక్ట్రానిక్ టైపు మిషనును మళ్లీ బయటికి తీస్తే కనిపించే లోపాలకు తరచుగా కారణం ఉప్పుగాలి తేమ, దుమ్ము, గట్టిపడిన గ్రీజు. అందుచేత సర్క్యూట్ బోర్డు పోయిందని నిర్ణయించే ముందు ఈ పరీక్షలు చేయాలి. విప్పేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీసి ఉంచాలి.

స్విచ్ వేసినా చలనం లేదు

వెనుక పలకపై రాసిన వోల్టేజీ చూడండి. మన కరెంటు 230 వోల్టులు. విదేశం నుంచి తెచ్చిన మిషను 120 వోల్టులదైతే నేరుగా తగిలించరాదు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి. అదీ వెంటనే పోతే మరొకటి వేయకుండా మెకానిక్కుకు చూపించాలి.

వెలుగుతుంది గాని క్యారియర్ కదలదు

స్విచ్ వేయగానే క్యారియర్ (అచ్చు వేస్తూ అటూ ఇటూ జరిగే భాగం) ఎడమ అంచుకు వెళ్లాలి, డైసీ వీల్ (రేకుల చివర అక్షరాలున్న చక్రం) తిరిగి తన మొదటి స్థానానికి రావాలి. ఇది జరగకపోతే మిషను ఆగిపోతుంది. ప్లగ్గు తీసి క్యారియర్‌ను చేత్తో మెల్లగా జరిపితే ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది. బల్లి గుడ్లు అడ్డుపడటం కూడా మన ఇళ్లలో మామూలే. క్యారియర్ జరిగే కడ్డీపై పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనెను పలుచగా పూయాలి. చేతికందేది కొబ్బరినూనే అయినా దాన్ని మాత్రం వాడవద్దు: చలికాలంలో పేరుకుంటుంది, నాళ్లు గడిస్తే జిగటగా మారి మళ్లీ క్యారియర్‌ను పట్టేస్తుంది.

కొన్ని కీలు పలకవు

ఇక్కడ తొందరపడకుండా ఏ కీలు పలకడం లేదో కాగితంపై రాసుకోవాలి, ఎందుకంటే కీబోర్డులోని తీగలు అడ్డు, నిలువు వరుసలుగా అల్లి ఉంటాయి కనుక ఆ జాబితాయే కారణాన్ని చాలావరకు చెబుతుంది. ఒక్క కీ మాత్రమే పలకకపోతే దాని అడుగున ఉన్న రబ్బరు మెత్త, కాంటాక్టు మురికిపట్టి ఉంటాయి. నాలుగైదు కీలు ఒకేసారి మూగబోతే కీబోర్డు నుంచి బోర్డుకు వెళ్లే పట్టీ కేబుల్ చివర వదులైందో, తుప్పుపట్టిందో చూడాలి. వానాకాలంలో ఉదయం పలకని కీ మధ్యాహ్నానికి పలికితే తేమే కారణమని దాదాపు నిశ్చయించుకోవచ్చు. కాంటాక్టులను దూదికి ఆల్కహాల్ అద్ది సున్నితంగా తుడవండి. గీకితే నల్లని కార్బన్ పూత పోతుంది, దాన్ని మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. ఎండలో ఆరబెడితే ప్లాస్టిక్ వంగిపోతుంది కనుక, కీబోర్డును తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు ఉంచడం మేలు.

అచ్చు సరిగా పడదు

ఎప్పుడూ ఒకే అక్షరం లోపిస్తే వీల్‌లో ఆ రేకు విరిగినట్లే, వీల్ మార్చాలి. ఒక అక్షరానికి బదులు మరొకటి పడితే వీల్ సరిగా కూర్చుందా, కీబోర్డు అమరికకు సరిపోయేదేనా అని చూడండి. అచ్చు అసలే పడకపోతే రిబ్బన్ అయిపోయి ఉంటుంది: కార్బన్ ఫిల్మ్ రిబ్బన్‌లో చాలా రకాలు ఒకసారికే పనికివస్తాయి, గుడ్డ రిబ్బన్‌లా వెనక్కి చుట్టి వాడటం కుదరదు. తప్పు అక్షరాన్ని ఎత్తి తీసే కరెక్షన్ టేపు కూడా దిద్దుబాటుకు వీలైన ఫిల్మ్‌తోనే పనిచేస్తుంది. గుడ్డ రిబ్బన్‌కు తెల్లపొడితో కప్పే టేపు వేయాలి.

కాగితం జారిపోతుంది

రోలరు రబ్బరు నునుపెక్కింది. పైన చెప్పిన ఆల్కహాల్‌తోనే తుడిచి, పూర్తిగా ఆరాక కాగితం ఎక్కించాలి.