ఇంటర్ ఫలితాలు రాకముందే ఇంట్లో చేయవలసిన పని

హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలను ఆత్మహత్య ఆలోచనల నుంచి కాపాడుకునే ప్రయత్నం ఫలితాల రోజున కాదు, వారం వారం మాట్లాడే ఫోన్లోనే మొదలుకావాలి. వార్డెన్ ఇచ్చే ఆ కొద్ది నిమిషాలలో వీక్లీ టెస్టు మార్కులు పక్కనపెట్టి, నిద్ర పడుతోందా, ఎవరితో కలిసి తింటున్నావు అని అడగండి. ఈ రెండో ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. ఇంటితోనూ కళాశాలతోనూ తోటివారితోనూ అనుబంధం ఉందన్న నమ్మకం పిల్లలకు రక్షణ అని అనేక దేశాల పరిశోధనలు చూపాయి.

ఆ అనుబంధం మాత్రం అన్నిచోట్లా ఒకే రూపంలో ఉండదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, స్వపరిపాలననూ సాంస్కృతిక కేంద్రాలనూ నిలుపుకున్న ఆదివాసీ సమాజాలలో యువత ఆత్మహత్యలు చాలా తక్కువగా ఉన్నాయని 1998 నాటి అధ్యయనం తెలిపింది. ఐరోపాలోని పది దేశాలలో 11 వేల మందికి పైగా విద్యార్థులతో జరిపి 2015లో ప్రచురించిన మరో అధ్యయనంలో, చర్చల ద్వారా, పాత్రలు ధరించి నటించడం ద్వారా మానసిక ఆరోగ్యాన్ని పిల్లలకే నేర్పిన చోట, ఏడాది తర్వాత చూస్తే ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి.

మన దగ్గర కుటుంబమే పెద్ద అండ; ‘నీ చదువు కోసం పొలం అమ్మాం’ అన్నప్పుడు అదే మోయలేని బరువవుతుంది. ఫీజు కట్టడం తల్లిదండ్రులుగా మీరు తీసుకున్న నిర్ణయమని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. ఫలితాలకు ముందే కలిసి కూర్చుని రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ, ఇతర కోర్సుల వివరాలను కాగితం మీద రాసుకోండి. ఆ రోజు బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి (మార్కులు అడగడానికే ఫోన్ చేసేవారు ప్రతి కుటుంబంలో ఉంటారు). వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది కనుక, చేర్పించేటప్పుడే ఆ వ్యక్తిని కలవండి.

తిండి మానేసినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, ‘నేను లేకపోతే మీకు హాయి’ అన్నా, ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే వాదించకుండా, తిట్టకుండా వినండి, ఒంటరిగా వదలకండి, హాని కలిగించే వస్తువులను అందుబాటులో ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రమాదం ముంచుకొచ్చిందనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.