ఇంట్లో వీడియో గేమ్‌లకు నియమం పెట్టడం ఎలా: బెంగళూరు తెలుగు తల్లిదండ్రుల కోసం

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లల ఆటల మీద పెట్టే నియమం చాలావరకు గడియారాన్ని చూసి పెట్టినదే. "రోజుకు గంట, అంతే" అని ప్రకటిస్తారు. వారం తిరగకముందే అది గాలికి పోతుంది. ఆట ఎలా నడుస్తుందో తెలియకుండా నియమం పెట్టడమే దీనికి అసలు కారణం. కాబట్టి నియమం గురించి మాట్లాడే ముందు ఒక శనివారం సాయంత్రం పిల్లల పక్కన కూర్చుని, సలహాలివ్వకుండా, ఒక పూర్తి మ్యాచ్ చూడండి.

చూస్తున్నది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, ఫోనులో జట్లుగా ఆడే తుపాకుల పోరాట ఆట) అనుకుందాం. వంద మంది దాకా విమానంలోంచి దూకుతారు, ఇళ్లలో దొరికిన తుపాకులూ కవచాలూ ఏరుకుంటారు (పిల్లలు దీన్నే లూట్ అంటారు), ఆడే వలయం అంచెలంచెలుగా కుంచించుకుపోతూ మిగిలినవాళ్లను ఒకరికొకరిని ఎదురుపడేలా నెడుతుంది. పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్ చివరిదాకా సాగితే అరగంట పడుతుంది. మధ్యలో ఆపి, భోజనం చేసి వచ్చి, ఆపినచోట నుంచి కొనసాగించే వీలు ఇందులో లేదు. దెబ్బ తిని నాక్ అయిన ఆటగాడు నేల మీద పాకుతూ ఉంటాడు. జట్టులో ఒకరు వచ్చి లేపితేనే మళ్లీ నిలబడతాడు. సరిగ్గా ఆ సమయంలో వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోంది" అన్న పిలుపు వస్తే, "ఒక్క నిమిషం అమ్మా" అన్న జవాబులో పొగరు కన్నా జట్టు పట్ల బాధ్యతే ఎక్కువగా ఉండవచ్చు.

అందువల్ల నియమాన్ని మ్యాచ్‌లలో పెట్టండి. "తొమ్మిదికి ఫోను పక్కన పెట్టాలి" అనేదాని కన్నా "ఎనిమిదిన్నర తర్వాత కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు" అనేది నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని పాటించడానికి ఎవరినీ మధ్యలో వదిలిపోనక్కర్లేదు. ఒంటరిగా ఆడే కథా ప్రధానమైన గేమ్‌లలో ఆపి, సేవ్ చేసుకునే వీలు సాధారణంగా ఉంటుంది గనుక వాటికి గడియారపు నియమమే సరిపోతుంది. రాత్రి ఫోను పడకగదిలోకి వెళ్లకూడదన్న నియమం మాత్రం అన్ని ఆటలకూ ఒకటే.

తర్వాత గమనించవలసింది, ఎవరితో ఆడుతున్నారన్నది. బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లల స్క్వాడ్‌లో (జట్టులో) ఒకరు కన్నడ మాట్లాడే క్లాస్‌మేట్, ఒకరు పై అంతస్తులోని హిందీ కుటుంబపు అబ్బాయి, మరొకరు కడపలోనో ఒంగోలులోనో ఉన్న మేనమామ కొడుకు కావడం మామూలే. "రైట్‌లో ఎనిమీ ఉన్నాడు రా, కవర్ ఇవ్వు" అని తెలుగులో అరిచి, మరుక్షణం అదే మాట హిందీలో చెబుతుంటారు. పండగకు తప్ప కలవని బావమరుదులకు రోజూ మాట్లాడుకునే చోటు ఇదే అయినప్పుడు, ఆటను పూర్తిగా నిషేధిస్తే తెగిపోయేది ఆట ఒక్కటే కాదు. పైగా కింద లాన్‌లో "బంతి ఆటలు నిషేధం" అన్న బోర్డుకు అసోసియేషన్ సమావేశంలో చేతులెత్తి ఒప్పుకున్న పెద్దలే, పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని వాపోవడం అంత న్యాయంగా లేదు.

అయితే అపరిచితుల సంగతి వేరు. మ్యాప్ పక్కన ఉండే మైకు, స్పీకరు గుర్తులను అందరికీ కాక జట్టుకు మాత్రమే వినిపించేలా పెట్టించండి. ఆటలో పరిచయమైనవాళ్లు సంభాషణను వాట్సాప్‌కో డిస్కార్డ్‌కో మార్చమంటే, ఫోటో గానీ ఓటీపీ గానీ అడిగితే మీకు చెప్పమనండి, చెప్పినందుకు ఆట ఆపించబోమని ముందే మాట ఇవ్వండి. ఆ మాట లేకపోతే పిల్లలు చెప్పరు.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. బీజీఎంఐలో యూసీ అనే నాణేలతో ఆటలోని పాత్రకు దుస్తులు, తుపాకుల స్కిన్‌లు (పైన వేసే రంగులూ డిజైన్లూ), అదనపు బహుమతులు తెచ్చే రాయల్ పాస్ కొంటారు. ఇష్టమైన దుస్తులు ఫలానా ధరకు కొనడం ఒకటి, ఏం వస్తుందో తెలియని క్రేట్‌ను (పెట్టెను) తెరవడానికి డబ్బు పెట్టడం మరొకటి; మొదటిదానికి నెలకు ఇంత అని ఇవ్వండి, రెండోదానికి ఒప్పుకోకండి. 2021 జులైలో ఈ ఆట విడుదలైనప్పుడే 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటలు, 7,000 రూపాయలు అన్న పరిమితి పెట్టారు. రోజుకు ఏడు వేలంటే మధ్యతరగతి ఇంటికి అది పరిమితే కాదు, కనుక ఆ భారం కంపెనీకి వదిలేయకండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, యూపీఐ యాప్‌లో ఆటోపే అనుమతులు ఏమేం ఉన్నాయో చూసి, తాతయ్య ఫోను కూడా తనిఖీ చేయండి. పిన్ తెలిసిపోయేది ఎక్కువగా అక్కడే.

పందెం కాసే ఆటలను ఈ లెక్కలో కలపవద్దు. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టాన్ని ఆమోదించింది. వాటిని నడిపేవారికి 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ఇంజనీరింగ్ చదువుతూ పీజీల్లో ఉండే పిల్లలకు టెలిగ్రామ్ లింకుల ద్వారా ఇలాంటివి చేరుతుంటాయి గనుక ఇంటికి వచ్చినప్పుడు సూటిగానే అడగండి.

ఎంతసేపు ఆడితే అది జబ్బు అన్న ప్రశ్నకు గంటల్లో జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణ ప్రకారం, ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటి కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం అనే లక్షణాలు సాధారణంగా ఏడాది పాటు ఉండాలి. అలాంటి అనుమానం ఉంటే మన ఊళ్లోనే మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లో మొదలుపెట్టిన షట్ క్లినిక్ (ఫోన్లు, ఆటల వాడకం అదుపు తప్పినవారికి సాయపడేది) ఉంది; ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేసి తెలుగు ఎంచుకోవచ్చు.

చివరగా, "నేను ప్రో ప్లేయర్ అవుతాను" అనే మాట ఏదో ఒక రోజు వస్తుంది. ఈ-స్పోర్ట్స్‌కు (వీడియో గేమ్ పోటీలకు) కేంద్రం 2022 డిసెంబరులో క్రీడగా గుర్తింపు ఇచ్చిందనీ, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలు ఇచ్చారనీ పిల్లలు చెబుతారు, అవి నిజమే. అయితే పోటీలు ఆడి బతకగలిగేవారు బహుకొద్దిమంది, ఆటలు తయారుచేసి బతికేవారు అంతకన్నా చాలా ఎక్కువ. రాక్‌స్టార్, జింగా వంటి గేమ్ సంస్థల స్టూడియోలు ఇదే నగరంలో ఉన్నాయి. ఎస్పీ రోడ్డుకు వెళ్లి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఉచితంగా దొరికే గోడో ఇంజిన్‌ను (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించి, బంతి గోడకు తగిలి తిరిగి వచ్చేపాటి చిన్న ఆట ఒకటి వేసవి సెలవుల్లో తయారుచేయమనండి. అది పూర్తయ్యాక కూడా ఆసక్తి నిలిస్తే కార్డు సంగతి మాట్లాడవచ్చు.